అమ్మ నడవలేకపోయిన దూరం

ప్రశ్న: మాది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. పెళ్లయి నల్లగొండలో ఉంటున్నా. వయసు 32. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తా. ఆరేళ్ల బాబు. అమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. ఫ్లోరిన్ నీళ్లకు అమ్మ మోకాళ్లు ఎప్పుడో బిగుసుకుపోయినయి. చివరి మూడేళ్లు గోడ పట్టుకునే నడిచింది. పోయింది మాత్రం క్యాన్సర్‌తో, తెలిసిన రెండు నెలలకే. అస్థికలు కలపడానికి నాయిన, పెదనాయిన, తమ్ముడు కృష్ణ ఒడ్డున వాడపల్లి పోయిన్రు. ఆడపిల్లవు నువ్వెందుకని నన్ను తీసుకుపోలేదు. అప్పటినుంచి నాయిన ఎవరితోనూ సరిగా మాట్లాడడు. ఈ మధ్య మా స్కూల్లో ఒక మేడం చెరిల్ స్ట్రేయిడ్ రాసిన ‘వైల్డ్’ ఇస్తే రెండు రాత్రుల్లో చదివేశాను. తల్లి పోయిన బాధలో ఒక్కతే అడవుల్లో, కొండల్లో నెలల తరబడి నడిచిన అమెరికా ఆమె కథ. నాకూ అట్లా నడవాలని ఉంది. సెలవుల్లో మన్ననూరు నుంచి నల్లమల గుండా శ్రీశైలం దాకా ఒక్కదాన్నే నడుద్దామనుకుంటున్నా. మా ఆయన వద్దనడు, సరేననడు. అత్తమ్మ పిచ్చి పట్టిందా అంటుంది. కొన్ని రాత్రులు నేనూ అమ్మ దగ్గరికే పోతే బాగుండు అనిపిస్తది. నడిస్తే ఈ బాధ తగ్గుతుందా మేడం?
– ఒక కూతురు, నల్లగొండ

జవాబు: బిడ్డా, నిన్ను నువ్వు అనే పిలుస్తున్నా. మా పెద్దమ్మాయిది నీ వయసే.

నీ ఉత్తరంలో చివరినుంచి రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను, అందుకే ముందు దాని సంగతి మాట్లాడతాను. అమ్మ దగ్గరికే పోతే బాగుండు అన్న మాట. దుఃఖంలో ఉన్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఆ ఆలోచన వస్తుంది, నాకూ వచ్చింది. అది వచ్చి పోతోందా, వచ్చి కూర్చుంటోందా అన్నది నీకే తెలియాలి. ఎట్లా పోవాలి, ఎప్పుడు పోవాలి అని లెక్కలు వేసేదాకా వస్తే ఆ రాత్రి తెల్లారేదాకా ఆగకు, మీ ఆయన్ని లేపు. 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, పైసా ఖర్చు లేదు, ఏ వేళలో చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఊరికే ఒకసారి చేసి చూసినా తప్పు లేదు. నిద్ర, తిండి సరిగా లేకపోతే నల్లగొండలోనే మానసిక వైద్యులున్నారు, పోయి చూపించుకో. ఒంటరిగా అడవికి పోవడానికి నేను ఒప్పుకోకపోవడంలో పులుల భయం సగమే. మిగతా సగం ఆ వాక్యం.

ఇక పులుల సంగతి. నువ్వనుకుంటున్న దారి అమ్రాబాద్ టైగర్ రిజర్వు గుండా పోతుంది. రోడ్డు మీద బస్సులో పోతే ఎవరూ ఆపరు. కానీ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు దగ్గరా, దోమలపెంట దగ్గరా గేట్లు వేసేస్తారు, బండ్లనే వదలరు. ఆ రెండు గేట్ల మధ్య దూరం ఒక్క పగలులో నడిచేది కాదు. రోడ్డు దిగి అడవిలోకి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. నేను అచ్చంపేటలో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. ఆ అడవిలో పుట్టి పెరిగిన చెంచులు కూడా తేనెకో గడ్డలకో పోయేటప్పుడు ఒక్కరే పోవడం నేను చూడలేదు.

పుస్తకం నేనూ చదివాను. రెండు రాత్రుల్లో చదివానన్నావు కాబట్టి కొన్ని అంకెలు నీ కళ్లముందు నుంచి జారిపోయి ఉంటాయి. లెక్కల టీచరువి కదా, ఒకసారి వేసి చూడు. ఆమె తల్లి పోయింది 1991లో. నడక మొదలుపెట్టింది 1995లో. మధ్యలో నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో పెళ్లి చెడింది, మత్తుమందు జోలికి పోయింది, చెయ్యరాని పనులు చేశానని తనే రాసుకుంది. నడిచింది 94 రోజులు. పుస్తకం అచ్చయింది 2012లో, నడక ముగిసిన పదిహేడేళ్లకు. నువ్వు చదివి కన్నీళ్లు పెట్టుకున్న ఆ తేటదనం 94 రోజుల్లో వచ్చింది కాదు. నీకింకా పద్నాలుగు నెలలే. నడిచొచ్చి కూడా బాధ అట్లాగే ఉంటే, నాకు నడవడం కూడా చేతకాలేదు అని ఇంకో బరువు నెత్తికెత్తుకుంటావని నా భయం.

ఇంకొకటి. ఆ బాట పేరు పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా మూడు రాష్ట్రాల మీదుగా 4,200 కిలోమీటర్ల పైన పోతుంది. ఆమె మొత్తం నడవలేదు. నడిచింది దాదాపు 1,770 కిలోమీటర్లు. ఆ ఏడాది సియెర్రా కొండల్లో మంచు విపరీతంగా ఉందని ఆ భాగం వదిలేసి, బస్సెక్కి దాటి, అవతల మళ్లీ మొదలుపెట్టింది. బస్సెక్కింది బిడ్డా! నాకు ఆ పుస్తకంలో బాగా నచ్చిన పని అదే. మనవాళ్లయితే మొక్కు చెడిందనేవాళ్లు.

ఇవన్నీ పక్కన పెట్టు. ఆ పుస్తకంలో నువ్వు ఎక్కడ ఆగిపోయి ఉంటావో నాకు తెలుసనుకుంటున్నా. తల్లి అస్థికల దగ్గర. బూడిదంతా మట్టిలో కలిపాక కాలకుండా మిగిలిన ఎముక ముక్కలు కొన్నింటిని ఆ అమ్మాయి వదల్లేక నోట్లో వేసుకుని మింగేస్తుంది. మన దగ్గర ఈ మాట చెబితే ముక్కున వేలేసుకుంటారు. నాకు మాత్రం అది చదివినప్పుడు నా పుట్టింటి వాకిలి గుర్తొచ్చింది. మా అమ్మ పోయినప్పుడు మా అన్నలు ఎర్రగుడ్డ కట్టిన కుండ పట్టుకుని బీచుపల్లి బయల్దేరితే, మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం ఆ వాకిట్లో నిలబడి జీపు మలుపు తిరిగేదాకా చూశాం. తర్వాత లోపలికొచ్చి అంట్లు తోముకున్నాం. నీ ఉత్తరంలో వాడపల్లి గురించి రెండంటే రెండు వాక్యాలు రాశావు. నల్లమల నడక గురించి అంతకన్నా ఎక్కువే రాశావు, కానీ నీ కాళ్లు పీకుతున్నది అడవి వైపు కాదని నాకనిపిస్తోంది. అమ్మను సాగనంపడానికి నిన్ను రానివ్వలేదు. ఆ దారి నీకు బాకీ ఉంది.

అందుకని నేను చెప్పేది ఇది. నడువు. నల్లగొండ నుంచి వాడపల్లికి నడువు. తిప్పర్తి, వేములపల్లి, మిర్యాలగూడ, దామరచర్ల మీదుగా డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒక్క ఊపున వద్దు. ఆదివారం ఏడెనిమిది కిలోమీటర్లు నడువు, ఆగినచోట బస్సెక్కి ఇంటికి రా, వచ్చే ఆదివారం అదే బస్సులో అక్కడే దిగి మళ్లీ మొదలుపెట్టు. ఇదేదో నేను నీకోసం తగ్గించి చెబుతున్నది అనుకోకు. ఆ అమెరికా బాట మీద కూడా ఇట్లా ముక్కలు ముక్కలుగా, ఏళ్ల తరబడి నడిచి పూర్తిచేసేవాళ్లు ఎంతోమంది. వాళ్లను సెక్షన్ హైకర్లంటారు. ఉద్యోగాలు, పిల్లలు ఉన్నవాళ్లు వాళ్లు. నీలాంటివాళ్లు.

ఈ దారే ఎందుకంటే ఇంకో కారణం కూడా ఉంది. మీ అమ్మ మోకాళ్లు బిగుసుకుపోయింది నీళ్లవల్ల. ఆ నీళ్లకు రుచిలో తేడా లేదు, రంగు లేదు, వాసన లేదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పనికిరావంటారు. దాటిన నీళ్లు చిన్నప్పటినుంచి ఏళ్ల తరబడి తాగితే వెన్ను, కీళ్లు గట్టిపడి, ఎముక పెరిగి మనిషి వంగిపోతాడు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటుంది, దానికి లోకమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు. పేరు మనది, రోగమూ మనదే. అదే జిల్లా అంచున కృష్ణ పారుతూనే ఉంది. సాగర్ కాలువల్లోకి 1967లో నీళ్లు వదిలారు. వేములపల్లి దగ్గర నువ్వు ఎడమ కాలువ దాటుతావు. అక్కడ వంతెన మీద కాసేపు ఆగు. మీ ఊరి బోరునీళ్లు తాగి పెరిగినదానివి, ఆ కాలువ నిండుగా పోతుంటే నీకు బహుశా ఏడుపు రాదు, కోపం వస్తుంది. రానీ. అక్కడినుంచి మిర్యాలగూడ దాకా పచ్చటి వరిమళ్లు, ఊరు దగ్గరపడేకొద్దీ రైసుమిల్లుల తవుడు వాసన. మీ మర్రిగూడ చెలకలను చూసిన కళ్లకు ఇది ఇంకో దేశంలా ఉంటుంది.

నడక మనసును బాగుచేస్తుందని పెద్ద పెద్ద మాటలు నేను చెప్పలేను. మా నాయిన పాలమూరు కూలీ. సాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడు. ఆయన తరం వాళ్లు నడిచినంత ఎవరూ నడవలేదు, మనసు బాగుపడుతుందని మాత్రం వాళ్లలో ఎవరూ నడవలేదు. వారాంతపు ట్రెక్కింగులకు మూడు నాలుగు వేలు తీసుకుని ‘హీలింగ్’ అని బోర్డు పెట్టేవాళ్లను చూస్తే ఆయన నవ్వేవాడు. నేను మాత్రం పూర్తిగా నవ్వలేను. ఎందుకంటే నేనూ ఒకసారి నడిచాను.

మా ఆయన పోయిన ఏడాది అది. పదకొండేళ్లు దాటింది. చైత్ర పౌర్ణమికి మా వాడకట్టు ఆడవాళ్లు నల్లమలలోని సలేశ్వరం జాతరకు పోతుంటే నన్నూ లాక్కుపోయారు. ఏడాదిలో ఆ పున్నమికి కొద్ది రోజులే అడవి తెరుస్తారు. ఫరహాబాద్ గేటు దాటి అడవిలో బండ్లు ఆగేచోట దిగితే, చివర కొన్ని కిలోమీటర్లు నడకే. రాళ్లబాట, లోయలోకి దిగుడు, వేలమంది జనం. దిగేటప్పుడు అందరూ ‘వస్తున్నం లింగమయ్యా’ అని అరుస్తారు. నా గొంతు పెగల్లేదు. సగం దిగాక నా కుడికాలి చెప్పు ఉంగటం ఊడిపోయింది. రాయి నిప్పులా కాలుతోంది. పక్కన దిగుతున్న ఒక లింగాల ఆవిడ ఏమీ అడక్కుండా కూర్చుని, తన సంచి మూతికి కట్టిన చీర అంచు ముక్క విప్పి, చెప్పును నా పాదానికి కలిపి మూడు చుట్లు చుట్టి, మడమ వెనక ముడేసింది. గట్టిగా, దూడకు పలుపు కట్టినట్టు. ‘ఊడదు పో’ అంది. అంతే, జనంలో కలిసిపోయింది. మళ్లీ కనిపించలేదు.

ఆ తర్వాత నా ధ్యాసంతా ఆ ముడి మీదే. ఎక్కడ అడుగు వెయ్యాలి, ఏ రాయి కదులుతుంది, నీళ్ల సీసాలో ఎంత మిగిలింది. జలపాతం కింద తల పెట్టాను, దర్శనమైంది, మళ్లీ ఎక్కడం మొదలైంది. ‘పోతున్నం లింగమయ్యా’ అని అందరూ అంటుంటే నేనూ అన్నాను, గొంతు వచ్చింది. పైకొచ్చి ఒక చెట్టుకింద సద్దిమూట విప్పి జొన్నరొట్టె తుంచుతుంటే అప్పుడు తట్టింది. పొద్దుటినుంచి నాలుగ్గంటలపాటు మా ఆయన నాకు గుర్తు రాలేదు. పది నెలల్లో మొదటిసారి. సంతోషించాలి కదా? రొట్టె చేతిలో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. మర్చిపోయాను, ఎట్లా మర్చిపోయాను అని. వాడకట్టు వాళ్లు నేను భక్తితో ఏడుస్తున్నాననుకున్నారు. ఇప్పటికీ అట్లాగే అనుకుంటున్నారు.

ఇది నీకెందుకు చెబుతున్నానంటే, నీకూ ఇట్లాంటిదొకటి తగులుతుంది. బాధ తగ్గిన గంట వస్తుంది, దాని వెనకే తప్పు చేశానన్న గుబులు వస్తుంది. ఆ రెండోది వచ్చినప్పుడు నడక మానెయ్యకు. నాకు ఆ నాలుగ్గంటలు తర్వాత చాలా రోజులు అక్కరకొచ్చాయి. బాధ లేని పూట ఒకటి ఉండగలదని కాళ్లకు తెలిసింది, మనసుకు తెలియడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. నీకు అడవే కావాలనిపిస్తే వచ్చే చైత్రానికి నలుగురితో కలిసి సలేశ్వరం పో. అప్పటికి నీ కాళ్లకు అలవాటూ అవుతుంది.

ఇప్పుడు నాయిన విషయం. ఆయన్ని కూర్చోబెట్టి, ‘ఎందుకు మాట్లాడవు, నీ మనసులో ఏముంది’ అని అడగొద్దు. ఆ తరం మగవాళ్లు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే తుండు భుజానేసుకుని బయటికి పోతారు. ఆయనకు పని చెప్పు. ఆయనా అవే నీళ్లు తాగాడు కాబట్టి నీతో సమానంగా నడిపించకు. పల్లెల్లో ప్రతి ఇంట్లో ఉన్నట్టు ఆయనకూ ఒక టీవీఎస్ ఎక్సెల్ ఉండే ఉంటుంది. శనివారం రాత్రికే మీ ఇంటికి రమ్మను. నువ్వు పొద్దున ఆరున్నరకు నడక మొదలుపెడతావు, ఆయన టిఫిన్ డబ్బా, మజ్జిగ సీసా పెట్టుకుని ఎనిమిదిన్నరకు ముందు ఊరి బస్టాపు దగ్గర నీకోసం ఎదురుచూడాలి. ‘వైల్డ్’లో ఆ అమ్మాయి తన సామాన్లు ముందే డబ్బాల్లో సర్దిపెట్టి, దారిలో ఉన్న పోస్టాఫీసులకు తెప్పించుకుంటుంది గుర్తుందా? నీకు ఆ పోస్టాఫీసు మీ నాయిన. ఆయన రావాల్సిన టైముకు ముందే వచ్చి నిలబడతాడు చూడు. చివరి రెండు కిలోమీటర్లు, అంటే వాడపల్లి ఊళ్లోకి, మాత్రం ఇద్దరూ కలిసి నడవండి. ఆ రోజు ఎక్కడ దిగారు, ఏ మెట్టు మీద కూర్చున్నారు, కుండ ఎవరు పట్టుకున్నారు, మూసీ కృష్ణలో కలిసే చోట పడవెక్కారా లేదా, ఇవి ఆయనకు మాత్రమే తెలిసిన సంగతులు. అడిగితే చెప్పగలిగిన ప్రశ్నలు. మనసులో ఏముందన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు, ఏ మెట్టు అంటే వేలు పెట్టి చూపిస్తాడు. తమ్ముడు వస్తానంటే రానీ, బలవంతం వద్దు.

ఆడపిల్ల నదికి పోవచ్చా అని పెదనాయిన అడిగితే, కృష్ణలో స్నానానికి పోతున్నా అని చెప్పు. అబద్ధం కాదు.

కాళ్ల సంగతి కాస్త చెప్పనివ్వు, అందరూ మనసు గురించే మాట్లాడతారు, బొబ్బలెక్కేది కాళ్లకు. ఆ ‘వైల్డ్’ అమ్మాయికి బూట్లు చిన్నవై గోళ్లే ఊడిపోయాయి. నువ్వు బూట్లు సాయంత్రం పూట కొనుక్కో, పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. బొటనవేలి ముందు ఒక వేలు ఖాళీ ఉండాలి. కొత్తవాటితో మొదటి ఆదివారమే రోడ్డెక్కకు, రెండు వారాలు ఇంటి చుట్టుపక్కల మూడు కిలోమీటర్లు తిరుగు. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు లారీల రోడ్డు. కుడిపక్కన, ఎదురొచ్చే బండ్లు కనబడేటట్టు నడువు, తెల్లారక ముందు అడుగు పెట్టకు, ముదురు రంగు బట్టలు వద్దు. చెవుల్లో పాటలు అసలే వద్దు. కాలువగట్టు చల్లగా ఉంటుందని ఒక్కదానివే దిగిపోకు. తోడుకు స్కూల్లో ఒక టీచరునో, పక్కింటి ఆమెనో అడుగు. మాట్లాడక్కర్లేని మనిషైతే మంచిది. ఇదంతా కార్తీకంలో మొదలుపెడితే సంక్రాంతికి అటూ ఇటూగా వాడపల్లి చేరతావు. మన దగ్గరి ఎండల్లో మొదలుపెడితే రెండో ఆదివారానికే మానేస్తావు. నెలసరి వచ్చినా, బాబుకు జ్వరమొచ్చినా, ఊరికే బద్ధకమనిపించినా ఆ వారం వదిలెయ్. ఆమె సియెర్రా వదిలేసి బస్సెక్కింది.

అత్తమ్మకు ఏం చెప్పాలో నువ్వు అడగలేదు కానీ చెబుతా. డాక్టరు నడవమన్నాడని చెప్పు. ఆవిడకు కూడా షుగరో బీపీనో ఉంటే ఇంకా మంచిది, ‘మీరూ వస్తారా’ అని అడుగు. మీ ఆయన వద్దనడు, సరేననడు అన్నావు. ఆదివారం పొద్దున బాబుకు స్నానం చేయించి అన్నం పెట్టే పని ఆయనకు ఇవ్వు. అనుమతి అడిగితే తేల్చరు, పని ఇస్తే చేస్తారు చాలామంది.

వాడపల్లిలో ఏం చెయ్యాలని అడుగుతావేమో. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేంత వరకు దిగు, అంతకన్నా లోతుకు పోకు, రెండు నదులు కలిసేచోట అడుగు నమ్మలేం. నాయిన చెయ్యి పట్టుకో. మంత్రం వస్తే చదువు, రాకపోతే అమ్మను పిలిచే పిలుపు ఒకటుంటుంది కదా, అది పిలువు. అస్థికలు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయి కదా అని ఎవరన్నా అంటే పట్టించుకోకు.

మొదటి ఆదివారం తిప్పర్తి దాకా పోవాలని పట్టు పట్టకు, నడుము నొచ్చినచోట ఆగిపో. బండిలో పెట్రోలుందో లేదో మాత్రం శనివారం రాత్రే చూసుకొమ్మని నాయినకు చెప్పు.